కార్డును కాపీ చేయడం మాని, ఇమేజ్‌ను నిర్మించడం నేర్చుకున్నాను

లినక్స్‌తో నడిచే పన్నెండు చిన్న పరికరాలను ఒకే బల్ల మీద పేర్చి, ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు కలిపి మొదటిసారి ఆన్ చేసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. విడివిడిగా పరీక్షించినప్పుడు ఏ ఒక్కదానిలోనూ లోపం కనిపించలేదు. కలిపి నడిపేసరికి మాత్రం ఒకటి పలికితే మరొకటి మూగబోయింది. రౌటర్‌లో చూస్తే పన్నెండింటి పేరు మీదా ఒకే ఐపీ చిరునామా ఉంది. హార్డ్‌వేర్ గుర్తులైన మ్యాక్ చిరునామాలు వేర్వేరుగానే ఉన్నాయి కాబట్టి ముందు రౌటర్‌ను అనుమానించాను, ఆ తర్వాత స్విచ్‌ను, చివరకు కేబుళ్లను కూడా మార్చి చూశాను. రెండు రోజుల తర్వాత గాని అసలు సంగతి తెలియలేదు. ఆ పరికరాల్లో నెట్‌వర్క్‌ను చూసుకునేది సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ. అది ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌కు తనను పరిచయం చేసుకునేటప్పుడు, మనం మార్చకపోతే, మెషిన్-ఐడీ అనే ఫైలులోని సంఖ్య నుంచి తయారు చేసిన గుర్తింపును పంపుతుంది. ఆ ఫైలు పన్నెండింటిలోనూ ఒక్కటే కావడంతో, సర్వర్ దృష్టిలో అక్కడ ఉన్నది ఒకే పరికరం.

అలా కావడానికి కారణం నేను ఇమేజ్‌ను, అంటే కార్డుపై రాసే మొత్తం వ్యవస్థ ఫైలును, తయారు చేసిన తీరు. ఒక బోర్డులో మామూలు లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌ను ఎక్కించి, మూడు వారాల పాటు ప్యాకేజీలు చేర్చి, కాన్ఫిగరేషన్ ఫైళ్లను చేత్తో దిద్ది, అంతా సవ్యంగా నడుస్తోందని నమ్మకం కుదిరాక ఆ కార్డును డీడీ ఆదేశంతో ఫైలుగా తీసి, మిగతా కార్డులన్నింటిపైనా అదే రాశాను. డీడీ ఉన్నదున్నట్టు బ్లాకు వెంట బ్లాకు ఎత్తి రాస్తుంది కాబట్టి ఆ కార్డు తాలూకు ప్రతి ఆనవాలూ దానితో పాటే వెళ్లింది. దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు పరికరాన్ని గుర్తించడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు వెళ్లాయి. అంటే ఒక పరికరంలోని ప్రైవేట్ కీ ఎవరి చేతికైనా చిక్కితే, మిగతా పదకొండింటి పేరుతో నటించడానికి అదే చాలు. నా వైఫై పాస్‌వర్డు, షెల్‌లో టైపు చేసిన ఆదేశాల జాబితా, చివరికి నేను తొలగించాననుకున్న ఫైళ్లు కూడా వెళ్లాయి, ఎందుకంటే ఫైలును తొలగించినప్పుడు ఫైల్‌సిస్టమ్ అది ఎక్కడుందో మరచిపోతుందే తప్ప ఆ బ్లాకుల్లోని సమాచారాన్ని చెరిపేయదు. వీటికి తోడు, 16 జీబీ అని ముద్రించిన కార్డులన్నీ కచ్చితంగా ఒకే పరిమాణంలో ఉండవు. కొన్ని కార్డులపై నా ఫైలు చివరి కొన్ని మెగాబైట్ల దగ్గర చోటు చాలక ఆగిపోయింది.

ఈ లోపాల్లో ప్రతిదానికీ విడిగా మందు ఉంది. మెషిన్-ఐడీని ఖాళీ చేయవచ్చు, కీలను తొలగించవచ్చు, ఫైల్‌సిస్టమ్‌ను కుదించవచ్చు. అయితే ఆరు నెలల తర్వాత ఒక లైబ్రరీలోని భద్రతా లోపాన్ని సరిదిద్దవలసి వచ్చినప్పుడు ఈ మందులేవీ అక్కరకు రాలేదు. ఆ కార్డులో ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందో, ఏ ఫైలును నేను ఎందుకు మార్చానో చెప్పే రాత ఎక్కడా లేదు. ఉన్నదల్లా డ్రాయరులోని ఒక కార్డు. ఆ రోజు నుంచి నేను ఒక్క నియమాన్ని పట్టుకున్నాను: మార్పుల చరిత్రను దాచే గిట్‌లో భద్రంగా ఉన్న పాఠ్యం నుంచి, మనిషి చేయి తగలకుండా, మొదటి నుంచి చివరి వరకు పుట్టినదే ఇమేజ్, చేత్తో దిద్దిన కార్డు, అది ఎంత బాగా పనిచేసినా, నమూనా మాత్రమే.

ఆ పాఠ్యంలో ఏమేమి ఉండాలో తెలియాలంటే, కరెంటు ఇచ్చిన క్షణం నుంచి బోర్డులో ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. చిప్‌లో తయారీ నాడే కాల్చి పెట్టిన చిన్న బూట్ రోమ్ కోడ్ మొదట నడుస్తుంది. ఆ సమయానికి పెద్ద జ్ఞాపకశక్తి అయిన డీర్యామ్ ఇంకా సిద్ధం కాదు. చిప్ లోపలి చిన్న ఎస్‌ర్యామ్ ఒక్కటే అందుబాటులో ఉంటుంది. అందుకే వ్యవస్థను లేపే బూట్‌లోడర్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఎస్‌పీఎల్ అనే చిన్న ముక్క ఎస్‌ర్యామ్‌లోకి వచ్చి డీర్యామ్‌ను మేల్కొలుపుతుంది, ఆ తర్వాత అసలు యూ-బూట్ డీర్యామ్‌లోకి చేరి లినక్స్ కేంద్రభాగమైన కెర్నెల్‌ను, బోర్డులోని భాగాలను వర్ణించే డివైస్ ట్రీని లోడ్ చేసి అధికారం అప్పగిస్తుంది. వోల్ఫ్‌గాంగ్ డెంక్ పీపీసీబూట్ పేరుతో నడిపిన ప్రాజెక్టు 2002లో యూ-బూట్‌గా పేరు మార్చుకుంది. ఎంబెడెడ్ లినక్స్ బోర్డుల్లో ఈనాటికీ ఎక్కువగా కనిపించే బూట్‌లోడర్ అదే. రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డులు ఈ క్రమానికి కొంత భిన్నం: అక్కడ ఆర్మ్ ప్రాసెసర్ కంటే ముందు గ్రాఫిక్స్ భాగం మేల్కొని, ఫ్యాట్ పార్టిషన్‌లోని ఫర్మ్‌వేర్ ఫైళ్లను చదివి, ఆ తర్వాతే కెర్నెల్‌ను నడిపిస్తుంది.

బూట్ రోమ్‌కు ఫైల్‌సిస్టమ్ గురించి సాధారణంగా తెలియదు. కార్డులో ఫలానా దూరంలో బూట్‌లోడర్ ఉంటుందని మాత్రమే తెలుసు. ఆ దూరం చిప్‌ను బట్టి మారుతుంది. ఐ.ఎంఎక్స్6 చిప్ 1 కిలోబైటు దగ్గర, ఆల్‌విన్నర్ చిప్‌లు 8 కిలోబైట్ల దగ్గర, రాక్‌చిప్ వారివి 64వ సెక్టారు దగ్గర వెతుకుతాయి. ఈ అంకెలు చిన్నవే గాని, ఇమేజ్ తయారుచేసేవారికి ప్రాణప్రదమైనవి. ఆల్‌విన్నర్ బోర్డు ఒకదానికి నేను కార్డులోని విభాగాల హద్దులను చెప్పే జీపీటీ పార్టిషన్ పట్టికను ఎంచుకున్నప్పుడు బోర్డు అసలు మేల్కొనలేదు, సీరియల్ కన్సోల్‌లో ఒక్క అక్షరం కూడా రాలేదు. జీపీటీ పట్టిక మొదటి 34 సెక్టార్లను, అంటే దాదాపు 17 కిలోబైట్లను, తన కోసం ఉంచుకుంటుంది. 8 కిలోబైట్ల దగ్గర రాసిన బూట్‌లోడర్ సరిగ్గా ఆ పట్టిక మధ్యలో పడింది. రెండింటిలో ఏది ఆఖరున రాస్తే అది రెండోదాన్ని చెరిపేస్తుంది. పాత ఎంబీఆర్ పట్టిక మొదటి సెక్టారుతోనే సరిపెట్టుకుంటుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు. కొత్త బోర్డును చేతికి తీసుకున్నప్పుడు నేను ఇప్పుడు మొదట చదివేది ప్రాసెసర్ మాన్యువల్‌లోని బూట్ అధ్యాయాన్నే.

డివైస్ ట్రీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. యూఎస్‌బీ, పీసీఐ వంటి బస్సుల్లో, అంటే భాగాలను కలిపే దారుల్లో, ఎవరెవరు ఉన్నారో కెర్నెల్ అడిగి తెలుసుకోగలదు. ఐస్క్వేర్‌సీ, ఎస్‌పీఐ బస్సుల్లో ఆ సదుపాయం లేదు. ఏ పిన్నుకు ఏ సెన్సర్ తగిలించి ఉందో, ఏ చిరునామాలో ఉందో ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. ఒకప్పుడు ఆర్మ్ బోర్డుల విషయంలో ఆ వివరాలను కెర్నెల్‌లోనే సీ ఫైళ్లుగా రాసేవారు. బోర్డులు పెరిగేకొద్దీ ఆ ఫైళ్లు కుప్పలుగా పేరుకుపోవడంతో 2011లో లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే అసహనం వ్యక్తం చేశారు. పవర్‌పీసీ వైపు అప్పటికే వాడుకలో ఉన్న డివైస్ ట్రీ పద్ధతి ఆర్మ్ వైపు ఊపందుకున్నది ఆ తర్వాతనే. బోర్డులో ఒక రిలేను వేరే పిన్నుకు మార్చితే ఇప్పుడు కెర్నెల్‌ను తాకనవసరం లేదు, డివైస్ ట్రీలో ఒక్క వరుసను మార్చితే చాలు. ఆ వరుసకు గిట్‌లో తేదీ, కారణం రెండూ ఉంటాయి. నేను కోరుకున్న రాత అదే.

ఇక సాధనాల సంగతి. చేత్తో దిద్దిన కార్డు నుంచి బయటపడిన నేను మొదట చేరింది బిల్డ్‌రూట్ దగ్గరకు. 2001 నాటికి యూసీలిబ్‌సీ అనే చిన్న సీ లైబ్రరీని తీర్చిదిద్దుతున్నవారు దాన్ని పరీక్షించుకోవడానికి మొదలుపెట్టిన పని అది. మెనూలో ప్రాసెసర్ రకాన్ని, సీ లైబ్రరీని, కావలసిన ప్యాకేజీలను ఎంచుకుని మేక్ అని ఆదేశిస్తే, అది ముందు వేరే రకం ప్రాసెసర్‌కు కోడ్ తయారుచేసే క్రాస్ కంపైలర్‌ను నిర్మించి, దానితో కెర్నెల్‌ను, బిజీబాక్స్‌ను, మిగతా ప్యాకేజీలను కంపైల్ చేసి, కార్డుపై నేరుగా రాయగల ఫైలును చేతికిస్తుంది. నా ఎంపికల సారాంశం డెఫ్‌కాన్ఫిగ్ అనే కొన్ని పదుల వరుసల ఫైలులో ఒదిగిపోతుంది. మూడు వారాల పాటు కార్డుపై నేను చేత్తో చేసిన పనంతా ఒక తెరలో చదవగలిగినంత పాఠ్యంగా మారినప్పుడు కలిగిన తృప్తిని మాటల్లో చెప్పలేను. ఆ ఇమేజ్ మొత్తం కొన్ని పదుల మెగాబైట్లకు మించలేదు. అంతకుముందు అదే పని చేసిన కార్డులో రెండు గిగాబైట్లకు పైగా సాఫ్ట్‌వేర్ ఉండేది. ఇంత చిన్నగా రావడంలో బిజీబాక్స్ పాత్ర పెద్దది: 1990ల నడుమ బ్రూస్ పెరెన్స్ డెబియన్ ఇన్‌స్టలేషన్ ఫ్లాపీ కోసం రాసిన ఆ ప్రోగ్రాము, వందలాది యూనిక్స్ ఆదేశాలను ఒకే ఫైలులో పొదుగుతుంది.

బిల్డ్‌రూట్‌తో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచనవసరం లేదు. కాన్ఫిగరేషన్‌లో ఒక ఎంపికను మార్చినప్పుడు దాని ప్రభావం ఏ ఏ ప్యాకేజీలపై పడుతుందో అది లెక్కగట్టదు. ఒక ప్యాకేజీని జాబితా నుంచి తీసేసినా, అంతకుముందు లక్ష్య డైరెక్టరీలోకి చేరిన దాని ఫైళ్లు అక్కడే ఉండిపోతాయి. అంతా తుడిచి మళ్లీ మొదలుపెట్టడమే నమ్మదగిన మార్గమని దాని మాన్యువల్ కూడా చెబుతుంది. పరికరం ఒక్కటే అయినప్పుడు ఇది భారం కాదు. నాలుగు రకాల బోర్డులు, మూడు రకాల ఉత్పత్తులు, రెండు వేర్వేరు డిస్‌ప్లేలు కలగలిసిన చోట మాత్రం ప్రతి కలయికకూ విడిగా మొత్తం నిర్మాణం జరగాల్సి వస్తుంది. ఆ స్థితికి చేరాకే నేను యోక్టో అనే నిర్మాణ వ్యవస్థ వైపు వెళ్లాను, ముందుగా వెళ్లనందుకు విచారించడం లేదు.

యోక్టో ప్రాజెక్టును లినక్స్ ఫౌండేషన్ 2010లో ప్రకటించింది. దాని వెనుక 2003లో మొదలైన ఓపెన్‌ఎంబెడెడ్ ఉంది, రెండింటి నడుమా బిట్‌బేక్ అనే ఇంజిను ఉంది. ప్రతి సాఫ్ట్‌వేర్‌కు రెసిపీ అనే ఫైలు ఉంటుంది: మూలాన్ని ఎక్కడి నుంచి తేవాలి, ఏ ప్యాచ్ వేయాలి, ఎలా కంపైల్ చేయాలి, ఏ లైసెన్సు కిందకు వస్తుంది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. రెసిపీలను లేయర్లుగా పేరుస్తారు. బోర్డు తయారీదారు ఇచ్చే లేయరు ఒకటి, సంస్థ విధానాలను చెప్పే లేయరు ఒకటి, ఉత్పత్తి లేయరు మరొకటి. ఒకరి రెసిపీని నేను తాకకుండా, నా లేయరులో బీబీఅపెండ్ ఫైలు పెట్టి కొద్దిగా మార్చుకోవచ్చు. బిట్‌బేక్ ప్రతి పనికీ దాని ఇన్‌పుట్లన్నింటినీ కలిపి ఒక హ్యాష్ (వేలిముద్ర వంటి సంఖ్య) లెక్కగడుతుంది. ఆ హ్యాష్ మారనంత వరకు పాత ఫలితాన్నే షేర్డ్ స్టేట్ నిల్వ నుంచి తీసుకుంటుంది. మొదటి నిర్మాణానికి నా కంప్యూటర్‌లో కొన్ని గంటలు, నూరు గిగాబైట్లకు పైగా చోటు పట్టాయి. ఆ తర్వాత ఒక ప్యాకేజీని మార్చి ఇమేజ్ తీయడం నిమిషాల పని. నాలుగు బోర్డుల కథకు ఇది సరిగ్గా సరిపోయింది.

యోక్టోలో నాకు తగిలిన పెద్ద దెబ్బ దాని జటిలత్వం వల్ల కాదు, అది ఇచ్చే చిన్న సౌకర్యం వల్ల తగిలింది. నిర్మాణ డైరెక్టరీలో లోకల్.కాన్ఫ్ అనే ఫైలు ఉంటుంది. ప్రయోగాలకు అక్కడ ఒక వరుస రాసి చూడడం సులువు. సాధారణంగా ఆ డైరెక్టరీ గిట్‌లో ఉండదు. ఒక సీరియల్ డ్రైవర్‌కు కావలసిన వరుసను అక్కడ రాసి, ఆ సంగతి మరచిపోయి, ఏడాది పాటు ఒకే కంప్యూటర్ నుంచి విడుదలలు తీశాను. ఆ కంప్యూటర్ డిస్కు పాడై కొత్తదానిపై నిర్మించినప్పుడు ఇమేజ్ తప్పుల్లేకుండా తయారైంది, బూట్ అయింది, సీరియల్ పోర్టు మాత్రం పలకలేదు. డ్రాయరులోని కార్డు మరో రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. అప్పటి నుంచి గిట్‌లో ఉన్న నా డిస్ట్రో ఫైలులో లేని ఏ సెట్టింగూ లోకల్.కాన్ఫ్‌లో ఉండకూడదని, అక్కడ సమాంతర పనుల సంఖ్య, నిల్వ డైరెక్టరీల దారి తప్ప మరేమీ కనిపించరాదని నియమం పెట్టుకున్నాను.

డెబియన్ వంటి సిద్ధంగా ఉన్న డిస్ట్రిబ్యూషన్ నుంచే ఇమేజ్‌ను నిర్మించే మూడో దారి కూడా ఉంది, దాన్ని చిన్నచూపు చూడను. డీబూట్‌స్ట్రాప్, ఎంఎండీబూట్‌స్ట్రాప్ వంటి సాధనాలు ఖాళీ డైరెక్టరీలో వ్యవస్థ ఫైళ్లన్నీ ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్‌ను కూర్చి పెడతాయి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ ఇమేజ్‌లను తీసే పై-జెన్ కూడా ఈ బాటలోనిదే. కంపైల్ చేయనవసరం లేదు, భద్రతా సవరణలు డెబియన్ బృందం నుంచే వస్తాయి. గిగాబైట్ల నిల్వ ఉండి, పరికరాల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు ఇదే తెలివైన ఎంపిక కావచ్చు. చిక్కల్లా ఒకటే: ప్యాకేజీ భండారం రోజురోజుకూ కదులుతుంది, నిన్నటి స్క్రిప్టు ఈరోజు వేరే ఇమేజ్‌ను ఇస్తుంది. డెబియన్ స్నాప్‌షాట్ సేవలో ఫలానా తేదీ నాటి భండారాన్ని పేర్కొంటే ఆ కదలిక ఆగుతుంది. ఈ ఒక్క వరుస లేని స్క్రిప్టును నేను ఇమేజ్ నిర్మాణంగా లెక్కవేయను.

ఇమేజ్‌లో ఏది ఉండాలన్న ప్రశ్న కంటే, ఏది ఉండకూడదన్న ప్రశ్నే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పరికరానికి మాత్రమే సొంతమైన ప్రతిదీ ఇమేజ్‌కు వెలుపలే ఉండాలి. మెషిన్-ఐడీ ఫైలు ఖాళీగా ఉంటే, లినక్స్‌లో సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ మొదటి బూట్‌లో కొత్తది పుట్టిస్తుంది. హోస్ట్ కీలను కూడా మొదటి బూట్‌లోనే పుట్టించాలి. అయితే ఇక్కడొక లోతైన గుంట ఉంది. అప్పుడే మేల్కొన్న చిన్న పరికరంలో యాదృచ్ఛికత చాలా తక్కువ: కీబోర్డు లేదు, తిరిగే డిస్కు లేదు, గడియారం కూడా ఒకే చోట నుంచి మొదలవుతుంది. ఇంటర్నెట్‌లోని కీలను సేకరించి 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో, రౌటర్ల వంటి పరికరాలు ఇదే కారణంగా బలహీనమైన కీలను, ఒకదానితో ఒకటి కలిసే కీలను పుట్టించాయని తేలింది. అందుకే చిప్‌లోని హార్డ్‌వేర్ యాదృచ్ఛిక సంఖ్యల యూనిట్‌కు డ్రైవర్ ఉందో లేదో, అది కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో ఎంపికై ఉందో లేదో ఇప్పుడు ముందే చూసుకుంటాను.

పాస్‌వర్డుల గురించి మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము 2016లోనే చెప్పవలసినంత చెప్పింది. ఫ్యాక్టరీలో పెట్టిన అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డు జతలతో అది లక్షలాది కెమెరాలను, రికార్డర్లను తన అధీనంలోకి తెచ్చుకుంది. అన్ని పరికరాల్లోనూ ఒకే పాస్‌వర్డు ఉన్న ఇమేజ్‌ను విడుదల చేయడం, ఒకే తాళంచెవితో వెయ్యి ఇళ్లకు తాళం వేయడమే.

గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, రంగంలో చాలా ఇబ్బంది పెడుతుంది. బ్యాటరీతో నడిచే గడియారం లేని బోర్డు 1970 జనవరి 1న మేల్కొంటుంది. ఆ తేదీన సురక్షిత సంభాషణకు వాడే ఏ టీఎల్‌ఎస్ సర్టిఫికెట్టూ చెల్లదు కాబట్టి సర్వర్‌తో మాట్లాడలేదు. సిస్టమ్‌డీ తనను నిర్మించిన నాటి తేదీని కనీస హద్దుగా తీసుకుని గడియారాన్ని అక్కడి వరకైనా జరుపుతుంది. అది లేని చోట ఆ పనిని మనమే బూట్ స్క్రిప్టులో చేయాలి, ఆపైన ఎన్‌టీపీ సరైన సమయం తెచ్చాకే అప్లికేషన్‌ను మొదలుపెట్టాలి. 32 బిట్ల బోర్డులపై మరో తేదీని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. 2038 జనవరి 19న పాత 32 బిట్ల టైమ్ లెక్క నిండిపోతుంది. ఇప్పుడు గోడకు బిగించే పరికరం ఆ రోజుకు ఇంకా నడుస్తూ ఉండడం అసంభవమేమీ కాదు. మజ్ల్ అనే సీ లైబ్రరీ 2020లో 1.2.0 నుంచే 64 బిట్ల సమయానికి మారింది. మరో సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2021లో వచ్చిన 2.34 నుంచి ఆ ఎంపికను ఇచ్చింది, కానీ దాన్ని మనమే కోరి ఎంచుకోవాలి.

కరెంటు ఎప్పుడైనా పోతుంది, ఎవరూ ముందుగా షట్‌డౌన్ చేయరు. ఈ ఒక్క వాస్తవం రూట్ ఫైల్‌సిస్టమ్ రూపాన్ని నిర్ణయించాలని నా అభిప్రాయం. రాయడానికి వీల్లేని స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌లో వ్యవస్థనంతా ఉంచి, లాగ్‌లను జ్ఞాపకశక్తిలోకి మళ్లించి, నిజంగా నిలవవలసిన సమాచారానికి విడిగా చిన్న పార్టిషన్ ఇస్తే, రాత మధ్యలో కరెంటు పోయినా వ్యవస్థ చెక్కుచెదరదు. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ మూలకోడ్ నుంచి పుట్టిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఈ పద్ధతిని ఏళ్ల తరబడి నడిపి చూపిస్తోంది: కింద స్క్వాష్‌ఎఫ్‌ఎస్, పైన రాయగల పొర. ఫ్యాక్టరీ స్థితికి తిరిగి వెళ్లడమంటే అక్కడ పై పొరను తుడిచేయడమే.

ఆ పై పొరను రూట్ అంతటికీ కప్పడం మాత్రం నేను ఇప్పుడు మానుకున్నాను. కారణం అనుభవంలో తెలిసింది. ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో పరికరం ఒక్క అక్షరం మార్చినా, పొరలను కలిపే ఓవర్‌లేఎఫ్‌ఎస్ ఆ ఫైలు మొత్తాన్నీ పై పొరలోకి కాపీ చేస్తుంది. ఆ తర్వాత అప్‌డేట్ ద్వారా కింది పొరలోకి సరిదిద్దిన ఫైలు వచ్చినా, పైన ఉన్న పాతదే దాన్ని కప్పేస్తుంది. మేము పంపిన సవరణ కొన్ని పరికరాల్లో పనిచేసి, మరికొన్నింటిలో పనిచేయకపోవడానికి మూలం ఇదేనని కనుక్కోవడానికి వారం పట్టింది. ఇప్పుడు రాయడానికి వీలున్న ఫైళ్లను ఒక్కొక్కటిగా పేరు పెట్టి డేటా పార్టిషన్‌కు మళ్లిస్తాను. జాబితాలో లేనిది మారదు.

అప్‌డేట్ లేని ఇమేజ్ సగం పనే. ఇమేజ్‌లో మొదటి నుంచే రెండు రూట్ పార్టిషన్లు ఉంచాలి, ఎందుకంటే రంగంలో ఉన్న పరికరానికి తర్వాత పార్టిషన్ పట్టికను మార్చడం చాలా ప్రమాదకరం. వాటిని 'ఏ', 'బీ' అనుకుందాం: నడుస్తున్నది 'ఏ' అయితే, కొత్తది 'బీ'లోకి రాసి, దాని డిజిటల్ సంతకాన్ని సరిచూసి, బీ నుంచి బూట్ చేయమని బూట్‌లోడర్‌కు చెబుతాం. యూ-బూట్ ప్రతి ప్రయత్నాన్నీ ఒక లెక్కలో వేస్తుంది. హద్దు దాటితే మరో దారికి మళ్లుతుంది. రౌక్, ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్, మెండర్ వంటి సాధనాలు ఈ తతంగాన్ని చక్కగా నిర్వహిస్తాయి. వాటిలో ఏది వాడాలన్నదాని కంటే, ఆ లెక్కను ఎప్పుడు సున్నా చేయాలన్నదే అసలు నిర్ణయం. బూట్ ముగిసిన వెంటనే సున్నా చేస్తే, కెర్నెల్ బాగుండి నెట్‌వర్క్ చెడిపోయిన ఇమేజ్ శాశ్వతంగా స్థిరపడిపోతుంది, దాన్ని ఇక దూరం నుంచి అందుకోలేం. నా పరికరాల్లో అప్లికేషన్ మొదలై, సర్వర్‌ను చేరి, తర్వాతి అప్‌డేట్‌ను అందుకోగల స్థితి ఉందని తేలాకే ఆ లెక్కను సున్నా చేస్తాను. అంతవరకు, పరికరం మొరాయిస్తే రీబూట్ చేసే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ మేల్కొనే ఉంటుంది.

తిరిగి లేవగల దారి ఎంత విలువైనదో చెప్పడానికి అంగారకుడిపై స్పిరిట్ రోవర్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2004 జనవరిలో దిగిన మూడు వారాల్లోపే దాని ఫ్లాష్ ఫైల్‌సిస్టమ్‌లో ఫైళ్లు పేరుకుపోయి, వాటి పట్టికకు జ్ఞాపకశక్తి చాలక, అది పదేపదే రీబూట్ అవుతూ చిక్కుకుపోయింది. ఫ్లాష్‌ను మౌంట్ చేయకుండా కేవలం ర్యామ్‌తో మేల్కొనే దారి ఒకటి రూపకర్తలు ముందే ఉంచినందువల్ల, భూమి నుంచి ఆదేశం పంపి ఆ దారిలో లేపి, ఫైళ్లు తొలగించి దాన్ని నిలబెట్టగలిగారు. నా ఇమేజ్‌లలో జ్ఞాపకశక్తిలోనే నడిచే చిన్న ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. డేటా పార్టిషన్ చెడిపోతే అది లేకుండానే లేచి నెట్‌వర్క్‌ను చేరడం దాని పని.

ఇమేజ్‌లో ఏముందో చెప్పే పట్టికను కూడా ఇమేజ్‌తో పాటే పుట్టించాలి. యోక్టో తాను నిర్మించిన ప్రతి భాగం పేరును, వెర్షన్‌ను, లైసెన్సును ఎస్‌పీడీఎక్స్ అనే ప్రామాణిక రూపంలో ఇవ్వగలదు. జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న భాగాల మూలకోడ్‌ను అడిగినవారికి ఇవ్వవలసిన బాధ్యత నెరవేరడానికి అది అవసరం. 2024లో ఐరోపా సమాఖ్య తెచ్చిన సైబర్ రెసిలియెన్స్ చట్టం అటువంటి పట్టికను తయారీదారుల బాధ్యతగా చేసింది. దాని ముఖ్య నిబంధనలు 2027 డిసెంబర్ 11 నుంచి వర్తిస్తాయి.

చివరగా, ఏటా ఒకసారి చేసే పరీక్ష గురించి. మూడేళ్ల కిందటి విడుదల ట్యాగ్‌ను తీసుకుని, నెట్‌వర్క్ తీసేసిన కంప్యూటర్‌లో, దాచి ఉంచిన మూలాల డైరెక్టరీతో మళ్లీ నిర్మిస్తాను. మొదటిసారి అది పదిహేను నిమిషాల్లోనే ఆగిపోయింది. మూలాలన్నీ ఉన్నాయి, రెసిపీలన్నీ ఉన్నాయి. కానీ నా కంప్యూటర్‌లోని జీలిబ్‌సీ 2.34కు మారింది. అందులో ఎస్‌ఐజీఎస్‌టీకేఎస్‌జెడ్ అనే విలువ స్థిరాంకం కాకుండా పోవడంతో, నిర్మాణానికి ముందుగా కావలసిన ఎం4 అనే చిన్న సాధనం పాత వెర్షన్ కంపైల్ కాలేదు. పరికరంలోకి వెళ్లే ప్రతి అక్షరాన్నీ గిట్‌లో పెట్టాను గాని, దాన్ని నిర్మించే కంప్యూటర్‌ను పెట్టలేదు. ఇప్పుడు నిర్మాణమంతా హ్యాష్‌తో బిగించిన ఒక కంటైనర్‌లో (విడిగా మూటకట్టిన సాఫ్ట్‌వేర్ పరిసరంలో) జరుగుతుంది, ఆ కంటైనర్ కూడా మూలాల పక్కనే దాచి ఉంటుంది.

ఈ ఏడాది పరీక్షలో రూట్ ఫైల్‌సిస్టమ్ బైటుకు బైటు పాతదానితో సరిపోయింది. సోర్స్ డేట్ ఈపాక్ అనే సెట్టింగుకు గిట్ కమిట్ తేదీని ఇవ్వడంతో యూ-బూట్ తనలో ముద్రించుకునే తేదీ కూడా స్థిరపడింది. తేడా వచ్చినది అప్‌డేట్ ప్యాకెట్‌లో ఒక్కచోటే: మేము వాడే ఈసీడీఎస్‌ఏ అనే డిజిటల్ సంతకం ప్రతిసారీ కొత్త యాదృచ్ఛిక సంఖ్యను తీసుకుంటుంది, సంతకం చేసిన సమయం కూడా అందులో ఉంటుంది. అందువల్ల పోలికను సంతకానికి ముందు దశకు జరిపాను, సంతకం చేసే కీని నిర్మాణ కంప్యూటర్ నుంచి తీసి వేరే యంత్రానికి మార్చాను.